వయస్సు ఎవరి నడుగుతున్నారు?

ఎల్‌బీ నగర్‌లో మెట్రో రైలెక్కి, అమీర్‌పేటలో బండి మారి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగటానికి గంటసేపు చాలు. ఆ గంటలో నగరం మారిపోతుంది. ఇటు చివర కోచింగు సెంటర్లు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు, కూలీల అడ్డా. అటు చివర పబ్బులు, క్లబ్బులు. ఇటు చివర హాస్టలు గదిలో వుండి పోటీపరీక్షలకు చదువుకునే 19 ఏళ్ల కుర్రవాడొకడు, స్నేహితుని పుట్టినరోజని అటు చివరకు వెళ్లాడనుకుందాం. తలుపు దగ్గర నల్లచొక్కా మనిషి చెయ్యి చాచి వయస్సుకు రుజువు చూపమంటాడు. కుర్రవాడు ఆధార్ కార్డు తీస్తాడు. 21 నిండలేదు. వెనక్కు తిరుగుతాడు. చట్టం నిలబడింది, సంతోషించవలసిందే. అదే కుర్రవాడు తిరిగి రైలు దిగి, తన వీధి మొగలో వున్న మద్యం దుకాణం కిటికీలో నోటు పెడతాడు. అక్కడ నోటును చూస్తారు గాని మొగాన్ని చూడరు. సీసా చేతికి వస్తుంది. గంట క్రితం అంత గట్టిగా నిలబడిన చట్టం ఇక్కడ ఎక్కడికి పోయింది?

ఈ ప్రశ్న వెయ్యకుండానే ఇప్పుడు చాలామంది వయస్సు తనిఖీని గురించి మాట్లాడుతున్నారు. పబ్బుల తలుపు దగ్గర తనిఖీ మరింత కట్టుదిట్టం చెయ్యాలనీ, కార్డులను యంత్రాలతో సరిచూడాలనీ, వచ్చినవారి నకళ్లు దాచిపెట్టాలనీ సలహాలిస్తున్నారు. మరికొందరు దీన్ని నీతి సమస్యగా చూసి, యువతరం పాడైపోతున్నదని వాపోతున్నారు. మన కథకులలో కూడా కొందరు పబ్బులో దీపాల రంగులు వర్ణించి, అక్కడ నాట్యమాడే పిల్లను చెడిపోయినదానిగా చూపి, కథ ముగించి, సంఘసేవ చేశామనుకుంటున్నారు. ఈ ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఇద్దరి చూపూ తలుపు బయట నిలబడిన కుర్రవాని మీదనే వుంది. తలుపు లోపల కూర్చుని డబ్బు లెక్కపెట్టుకునేవాని మీద లేదు.

ముందు చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టాన్ని రాష్ట్రం విడిపోయిన తరువాత తెలంగాణ కూడ తనదిగా చేసుకున్నది. 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదన్నది మన రెండు రాష్ట్రాలలోను వున్న నిబంధన. ఇందులో గమనించవలసింది ఒకటుంది. బాధ్యత అమ్మేవానిది. లైసెన్సు పుచ్చుకున్నవాడు, ఎవరికి అమ్ముతున్నానో చూసుకుని అమ్మాలి. అలా చూసుకోకపోతే తప్పు వానిది. ఇంత తేటగా వున్న విషయం ఆచరణలో తలకిందులైంది. కొనేవాడు తన అమాయకత్వాన్ని రుజువు చేసుకోవాలి. అమ్మేవాడు ఆ రుజువును పరిశీలించే న్యాయమూర్తి అవుతాడు. ముద్దాయి బోను దిగి వచ్చి న్యాయపీఠం మీద కూర్చున్నాడన్నమాట.

21 అనే అంకెలో ప్రకృతి రహస్యమేమీ లేదు. కాకినాడలో 21 ఏళ్లు నిండాలి. అక్కడినుంచి గంట ప్రయాణం లేని యానాంలో, అది పుదుచ్చేరి పాలనలో వున్నందువల్ల, 18 నిండితే చాలు. ఢిల్లీలో 25 నిండాలి. యానాం తెలుగు పిల్లవానికి మూడేళ్లు ముందుగా బుద్ధి వికసిస్తుందని ఏ వైద్యుడూ చెప్పలేదు. ఈ యానాం కథ ఈనాటిది కాదు. 1929లో శారదా చట్టం వచ్చి ఆడపిల్ల పెళ్లికి 14 ఏళ్లు, మొగపిల్లవాని పెళ్లికి 18 ఏళ్లు నిండాలని శాసించినప్పుడు, బ్రిటిషిండియాలోని పెద్దమనుషులు పసిపిల్లలను బండ్లలో ఎక్కించుకుని ఫ్రెంచివారి యానాం వెళ్లి పెళ్లిళ్లు జరిపించి తిరిగివచ్చారు. ఆ వూరికి కల్యాణపురమని పేరు నిలిచింది. చట్టం గీసిన గీత ఎంత మంచిదైనా, గీతకు ఇవతల లాభం వున్నవాడు అవతలికి దారి వెతుక్కుంటాడు. గీతను కాపాడవలసింది ఆ లాభాన్ని పట్టుకుని. పిల్లలను పట్టుకుని కాదు.

ఇక్కడ ఒక మిత్రుడు అడ్డు తగిలి, అసలీ గీతే అన్యాయమంటాడు. 1989 నుంచి మన దేశంలో 18 ఏళ్లకు వోటు వున్నది. 2022లో పెట్టిన అగ్నిపథ్ పథకం కింద పదిహేడున్నర ఏళ్లకే సైన్యంలో చేరవచ్చు. ప్రభుత్వాన్ని ఎన్నుకోవటానికీ, సరిహద్దున ప్రాణమివ్వటానికీ సరిపోయిన వయస్సు ఒక గ్లాసు బీరుకు సరిపోలేదా అని ఆయన ప్రశ్న. అమెరికాలో కూడ ఈ వాదమే నడిచింది. వియత్నాం యుద్ధానికి 18 ఏళ్లవారిని పంపుతూ వోటు ఇవ్వరేమని అడిగి, 1971లో వోటు సాధించుకున్నారు. ఆ వూపులో చాలా రాష్ట్రాలు తాగే వయస్సును కూడ తగ్గించాయి. తరువాత రోడ్డు ప్రమాదాల మీద ఆందోళన రేగి, 1984లో కేంద్ర ప్రభుత్వం 21 ఏళ్ల నిబంధన పెట్టని రాష్ట్రాలకు రహదారి నిధులు కోస్తానని చట్టం చేసి, అందరినీ దారికి తెచ్చింది.

ఈ మిత్రుని కోపంలో న్యాయం వుంది. ఆయన ముగింపులో లేదు. 2022 జూన్‌లో సికింద్రాబాదు రైల్వేస్టేషనులో అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా గుమిగూడిన కుర్రవాళ్లపై కాల్పులు జరిగి ఒక యువకుడు చనిపోయాడు. ఆ కుర్రవాళ్లు అడిగింది మద్యం కాదు, స్థిరమైన వుద్యోగం. యువకులకు పని ఇవ్వలేని సమాజం, బదులుగా సీసా ఇస్తే అది స్వేచ్ఛ అవుతుందా? చావటానికి వున్న హక్కును చూపించి తాగటానికి హక్కు కోరటం యువజనుల తరఫు వాదం కాదు. మద్యం కంపెనీ తరఫు వాదం. కనుక మేము గీతను చెరపమనటం లేదు. గీత అందరికీ ఒకటిగా వుందా అని అడుగుతున్నాం.

అందరికీ ఒకటిగా లేదు. మొదటి కారణం, వయస్సును తెలుసుకునే సాధనం కాగితం. ఆ కాగితం అందరి దగ్గర ఒకే విధంగా పుట్టలేదు.

ఆసుపత్రిలో పుట్టి, మునిసిపాలిటీలో నమోదై, ఏటేటా కొవ్వొత్తులార్పి పుట్టినరోజు జరుపుకునే పిల్లవాని తేదీ వేరు. నల్లగొండ నుంచో పాలమూరు నుంచో పనికోసం వచ్చి ఎల్‌బీ నగర్ అడ్డా మీద నిలబడే తల్లిదండ్రుల బిడ్డ తేదీ వేరు. ఆ తల్లికి బిడ్డ ఏ వానకాలంలో పుట్టాడో తెలుసు, తేదీ తెలియదు. బడిలో చేర్చిన రోజున పంతులుగారు వేలు లెక్కపెట్టి, బడి తెరిచే జూన్ నెలలో ఒక తేదీ వేసేశారు. ఒకే తరగతిలో సగంమంది ఒకే నెలలో పుట్టినట్లు రిజిస్టర్లు చెప్పే బళ్లు మనం ఎన్ని చూడలేదు! ఆ తేదీయే పదోతరగతి మార్కుల పత్రంలోకి, దానిలోంచి ఆధార్‌లోకి ఎక్కింది. చివరకు పబ్బు తలుపు దగ్గర కాపలావాడు దాన్ని దీపం వెలుతురులో పట్టుకుని చూసి, నిజం తేల్చాననుకుంటాడు. వాడు చూసింది కుర్రవాని వయస్సు కాదు. ఒకనాటి పంతులుగారి అంచనా.

ఆధార్ కార్డు వయస్సుకు సరైన రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టే చెప్పింది. మోటారు ప్రమాదంలో చనిపోయినవాని వయస్సు తేల్చవలసిన కేసు అది. అతని కుటుంబానికి నష్టపరిహారం లెక్కకట్టటానికి ఆధార్ తేదీని కాక, బడి విడిచిన పత్రంలోని తేదీని తీసుకోవాలన్నది కోర్టు. ఆధార్ మనిషి ఎవరో చెప్పే కార్డు గాని ఎప్పుడు పుట్టాడో రుజువు చేసే పత్రం కాదన్నది ఆ కార్డులిచ్చే సంస్థ స్వయంగా చెప్పిన మాటే. అంతకు ముందు, 2018 సెప్టెంబరులో, ప్రైవేటు సంస్థలు ఆధార్ ధృవీకరణ కోరటానికి వీలిచ్చిన నిబంధనను అదే కోర్టు కొట్టివేసింది. 2019లో "స్వచ్ఛందం" అనే మాట చేర్చి చట్టాన్ని సవరించి, మూసిన తలుపును మళ్లీ ఓరగా తెరిచారు. నష్టపరిహారమడిగే వితంతువు దగ్గర చెల్లని తేదీ పబ్బు కాపలావాని దగ్గర వేదవాక్కు ఎట్లా అయింది? పైగా, స్వచ్ఛందమంటే ఇష్టం లేకపోతే ఇవ్వకపోవటం గదా? కార్డు ఇవ్వకపోతే లోనికి రానివ్వనిచోట స్వచ్ఛందమన్న మాటకు అర్థమేమిటి?

జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించి, ఆ యేడు అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి జనన పత్రమొక్కటే పుట్టినతేదీకి ప్రమాణమని నిర్ణయించారు. మంచిదే. కాని ఆ బిడ్డలకు 21 నిండేది 2044లో. అప్పటిదాకా తలుపు దగ్గర తగవు తేదీలేని తల్లుల బిడ్డలదే.

రెండవ కారణం, తలుపు దగ్గర అడిగేది వయస్సొక్కటే కాదు. కాళ్లకు ఏమి చెప్పులున్నాయో చూస్తారు. జంటగా వచ్చాడా, ఒంటరిగా వచ్చాడా చూస్తారు. ఏ భాషలో మాట్లాడతాడో, ఏ బండి దిగాడో చూస్తారు. వీటిలో దేనినీ కారణంగా పైకి చెప్పలేరు. వయస్సును చెప్పవచ్చు; ఎందుకంటే దాని వెనక చట్టం వుంది. ఒకప్పుడు దొరల క్లబ్బులు మనవాళ్లను తలుపు దగ్గర ఆపినప్పుడు సంకోచం లేకుండా కారణం చెప్పేవి. ఇప్పటి క్లబ్బుకు అంత ధైర్యం లేదు. దానికి మర్యాదైన కారణం కావాలి. 30 ఏళ్లవానిని కూడ కార్డేదని నిలదీసి, అది ఇంట్లో మరచివచ్చినందుకు వెనక్కు పంపుతారు. పెద్ద కారులో దిగిన పెద్దవారి అబ్బాయిని నమస్కారం పెట్టి లోనికి పంపుతారు. అక్కడ కార్డు కారే.

ఈ మాట నిందకోసం అంటున్నది కాదు. 2022 మే 28న జూబ్లీహిల్స్‌లో జరిగినదాన్ని ఈ నగరం మరచిపోలేదు. పట్టపగలు ఒక పబ్బులో మద్యంలేని విందు పేరుతో పిల్లలు చేరారు. అక్కడినుంచి బయటికి వచ్చిన 17 ఏళ్ల బాలికపై కారులో సామూహిక అత్యాచారం జరిగింది. నిందితులు ఆరుగురిలో అయిదుగురు మైనర్లు. కొందరు పలుకుబడిగల కుటుంబాలవారు. మద్యం పొయ్యటం లేదు గనుక వయస్సు ప్రశ్న రాదన్నది ఆ విందుకు చాటు. వయస్సు నిబంధన సీసాకు కాపలా అనుకున్నారు గాని పిల్లకు కాపలా అనుకోలేదు. పిల్లలను పిలిచి, అద్దె పుచ్చుకుని, తలుపు తెరిచినవారికి, ఆ పిల్లలు క్షేమంగా ఇల్లు చేరారా అని చూసుకునే బాధ్యత ఏ కార్డు తనిఖీలోను లేదు. ఆ తరువాత జరిగిన చర్చలో ఎంతమంది ఆ బాలిక అక్కడికెందుకు వెళ్లిందని అడిగారో గుర్తు చేసుకోండి! లాభం అడిగే ప్రశ్నకూ నీతి అడిగే ప్రశ్నకూ మధ్య ఎంత దగ్గరి చుట్టరికమో అప్పుడు తెలిసింది.

మూడవ కారణమే అన్నిటికన్నా ముఖ్యమైనది. వయస్సు అసలు అడగని చోట్లు వున్నాయి, అవే ఎక్కువ.

తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలు వున్నాయి. వాటిని లాటరీ తీసి ఇస్తారు. 2023 ఆగస్టులో ఒక్కొక్క దరఖాస్తుకు రెండు లక్షల రూపాయల రుసుము పెట్టారు. దుకాణం వచ్చినా రాకపోయినా ఆ సొమ్ము తిరిగిరాదు. లక్షా ముప్ఫై వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒక్క సీసా అమ్మకముందే, కాగితాల మీదనే, ప్రభుత్వానికి 2,600 కోట్ల పైచిలుకు వచ్చింది. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ దరఖాస్తులు పడిన చోట్లలో మన సరూర్‌నగర్ ఒకటి. అక్కడే పదివేలకు మించాయి. 2025 అక్టోబరులో రుసుమును మూడు లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేలకు తగ్గినా రాబడి 2,850 కోట్లయింది. దుకాణం దక్కినవాడు, లైసెన్సు రుసుము మీద లైసెన్సు రుసుము కట్టి, పక్కన పర్మిట్ రూము పెట్టి, ఆ సొమ్మంతా రెండేళ్లలో రాబట్టుకోవాలి. అటువంటివాడు కిటికీ ముందు నిలబడిన కుర్రవాని గడ్డం మొలిచిందా లేదా అని చూస్తూ కూర్చుంటాడా? చూడమని గట్టిగా అడగవలసిన ప్రభుత్వం ఆ అమ్మకంలో భాగస్వామి. భాగస్వామి భాగస్వామిని తనిఖీ చేస్తాడా? 21 ఏళ్లలోపువారికి అమ్మబడదన్న బోర్డు గోడమీద వుంటుంది. దాని కిందనుంచే సీసా చేతులు మారుతుంది.

కల్లు కాంపౌండు సంగతి చెప్పనక్కరలేదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. వాళ్లు కాయకష్టం చేసుకునే బీదలు. అక్కడ తాగేవాని వయస్సు ఎవరూ అడగలేదు. కుండలో ఏముందని కూడ సకాలంలో ఎవరూ అడగలేదు. నగరం ఒక చివర మనిషి పుట్టినతేదీని దీపం పెట్టి చూస్తున్నారు. మరో చివర మనిషికి పోసేదేమిటో కూడ చూడటం లేదు. ఇదీ మన వయస్సు తనిఖీ రాజనీతి.

యువతరం చెడిపోతున్నదని బాధపడే నీతివాదులతో ఇప్పుడు ఒక మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకు ఎదురు తిరిగారు. వాళ్లు అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకున్నవాళ్లు. ఎల్‌బీ నగర్ దుకాణం ముందు నిలబడిన కుర్రవానిలాంటి కొడుకులూ, వాని తండ్రిలాంటి భర్తలూ వాళ్లకు వున్నారు. ఆ స్త్రీలు తాగేవానిని పట్టుకుని నీ వయస్సెంత అని అడగలేదు. దుకాణం మా వూళ్లో ఎందుకున్నదని అడిగారు. సారా వేలంపాటలను అడ్డుకున్నారు. ఆ ప్రశ్న జిల్లాలు దాటి పోయింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించవలసి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఖజానా పేరు చెప్పి దాన్ని ఎత్తివేశారు. నిషేధం మంచిదా చెడ్డదా అన్న వివాదంలోకి ఇప్పుడు దిగటం లేదు. ప్రశ్న ఎవరిని అడగాలో ఆ స్త్రీలకు తెలుసు. మన నీతివాదులకు తెలియదు. అదీ చెప్పదలచింది.

రచయితలకు ఇది కొత్త పాఠం కాదు. 1897లో "కన్యాశుల్కం" అచ్చువేసినప్పుడు గురజాడ దానికి పీఠిక రాస్తూ విశాఖ జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క ఇచ్చాడు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు. అందులో అయిదేళ్ల పిల్లలే 99 మంది. ఆయన ఆ వయస్సులు చూపించింది పిల్లలను తప్పుపట్టటానికి కాదు. పిల్లలను అమ్ముకున్నవారినీ కొనుక్కున్నవారినీ బోనులో నిలబెట్టటానికి. ఆ నాటకంలో సారా దుకాణం రంగం కూడ వుంది. అక్కడ తాగేవాళ్ల మీద నీతివాక్యాలు కురిపించకుండా, వాళ్ల మాటల్లోనే సంఘాన్ని బయటపెట్టాడు. నూరేళ్లు దాటినా మన కథకులు ఆ దారి పట్టకుండా, పబ్బు దీపాల దగ్గర నిలబడి పిల్లలను తిట్టటం చూస్తే దిగులు కలుగుతుంది. లైసెన్సు లాటరీ మీద, పర్మిట్ రూములో ఎంగిలి గ్లాసులు తీసే కుర్రవాని మీద, కార్డు అడిగే నల్లచొక్కా మనిషి నెలజీతం మీద కథలేవి? రాత్రి రెండుదాకా నిలబడి ఇతరుల వయస్సు చూసే ఆ మనిషికి కూడ ఒక వయస్సుందని, అదీ అక్కడే కరిగిపోతున్నదని రాసినవారెవరు?

మరి చెయ్యవలసిందేమిటి? వయస్సు నిబంధన వున్నంతకాలం అది అన్ని కిటికీలకూ ఒకటిగా వుండాలి. పబ్బు తలుపు దగ్గర అడిగే ప్రశ్న సరూర్‌నగర్ దుకాణం దగ్గర కూడ అడగాలి. అడగకుండా అమ్మినవాని లైసెన్సు పోవాలి. కొన్న పిల్లవాని పరువు కాదు. కార్డు చూసినవాడు చూసి వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి. నకలు తీసి దాచుకునే అధికారం మద్యం వ్యాపారికి వుండరాదు. చేతిలో ఏ కార్డు వున్నా, కాళ్లకు ఏ చెప్పులున్నా, వయస్సు నిండినవానిని వేరే కారణాలతో ఆపరాదు. పిల్లలకు విందు పేరుతో తలుపు తెరిచినవాడు వాళ్లు ఇల్లు చేరేదాకా బాధ్యుడు కావాలి.

ఇవన్నీ చేసినా ఒక ప్రశ్న మిగిలే వుంటుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టలు గదిలో ముగ్గురు పట్టేచోట ఆరుగురు పడుకునే ఆ 19 ఏళ్ల కుర్రవాడు సాయంత్రం ఎక్కడికి పోవాలి? డబ్బు చెల్లించకుండా కూర్చోటానికి అతనికి చోటేది? రాత్రి పదింటిదాకా దీపం వెలిగే గ్రంథాలయం ఎన్ని వీధులకు ఒకటుంది? ఆడపిల్లలు భయం లేకుండా నలుగురూ చేరి పాడుకునే మైదానమేది? నాటకం వేసుకునే చావడి ఏది? వాటికి డబ్బు లేదంటారు. ఒక్క లాటరీలో, ఒక్క సీసా అమ్మకముందే, 2,850 కోట్లు చూసిన ప్రభుత్వం ఆ మాట అనటానికి వీలులేదు.

కుర్రవాని వయస్సు మనకు తెలుసు. అతనికి 19. తన వయస్సు అతను దాచలేదు. కార్డు తీసి చూపించాడు. ఇప్పుడు చూపించవలసింది అవతలివాళ్లు. ఏ దుకాణం ఎవరికి అమ్మింది, ఎంత సంపాదించింది, అందులో ప్రభుత్వం వాటా ఎంత, ఆ వాటాలో ఎల్‌బీ నగర్ పిల్లలకు తిరిగి వచ్చింది ఎంత? రుజువులతో రమ్మని వాళ్లనడగాలి.